సున్నా మార్కుల మెదడు

బొమ్మక్కకూ ఆమె భర్త అళగర్‌సామికీ పెళ్ళయిన నాటి నుంచీ ఒకటే తగువు. పొలం తగువు కాదు, పుట్టింటి తగువు కాదు. ఆడవాళ్ళ మెదడు గట్టిదా, మగవాళ్ళ మెదడు గట్టిదా అన్నది తగువు. కోవిల్‌పట్టిలో నేతపనివాళ్ళ వీధిలో ఎవరినడిగినా చెబుతారు, ఆ ఇంట్లో మగ్గం చప్పుడు ఆగిందంటే వినబడేది ఈ వాదనేనని. వాళ్ళు తమిళసీమలో ఉండే తెలుగువాళ్ళు. ఇంట్లో మాట్లాడేది తెలుగే గానీ మెదడుని మాత్రం తమిళంలో మూళై అనే అంటారు. కాబట్టి ఆ వాదన కూడా ఆడ మూళై, మగ మూళై అంటూనే సాగేది.

దీనికంతటికీ మొదలు సాత్తూరు బస్టాండు. పెళ్ళయిన కొత్తలో విరుదునగర్‌లోని పుట్టింటి నుంచి మొగుడితో బస్సులో వస్తూ బొమ్మక్క దారిలోని సాత్తూరులో దిగిపోయింది. ఊరు వచ్చేసిందనుకుని దిగిందని అళగర్‌సామి వాదన. కిటికీలోంచి లేత దోసకాయలు చూసి, నాలుగు కొందామని దిగానని బొమ్మక్క వాదన. బస్సు ఆమెని అక్కడే వదిలేసి, నిద్రపోతున్న మొగుణ్ణి మోసుకుని వెళ్ళిపోయిందన్నది మాత్రం ఇద్దరూ ఒప్పుకునే సంగతి. ముప్ఫై అయిదేళ్ళుగా ఆమె ఏ చిన్న తప్పు చేసినా ఆయన "సాత్తూర్లో దిగిన మూళై" అంటాడు. ఆమె ఊరుకుంటుందా? బీరకాయలు తెమ్మంటే పొట్లకాయలు తెచ్చి, రెండూ పొడుగ్గానే ఉన్నాయి కదా అన్న మనిషి గురించి ఆమె దగ్గరా కావలసినన్ని కథలున్నాయి.

"నీకి ఎదురుంగ ఉండేది కనపడదు బావా. మగ మూళై గానుగెద్దు మాదిరి. ఒగ దారే తెలుసు దానికి" అనేది బొమ్మక్క.

"ఒగ దారయినా సరింగా తెలుసు. ఆడ మూళై ఎనిమిది దిక్కులూ చూసి సాత్తూర్లో దిగతాది" అనేవాడు అళగర్‌సామి.

అళగర్‌సామి బొమ్మక్కకి సొంత మేనత్త కొడుకు. నలుగురిలో ఉన్నప్పుడు రాండి, పోండి అని మర్యాదగా పిలుస్తుంది గానీ, గడప దాటి లోపలికి వస్తే బావా, నువ్వు అనే. చిన్నప్పుడు తన చేతిలోని రేగుపళ్ళు లాక్కుని పరిగెత్తినవాడికి ఇంట్లో కూడా మర్యాద ఇవ్వాలంటే ఎవరివల్ల అవుతుంది?

ఆ సంవత్సరం అళగర్‌సామికి అరవై నిండబోతున్నాయి. మనం షష్టిపూర్తి అనేదాన్ని అక్కడ అరవయ్యో పెండ్లి అంటారు. ఆ రోజు మొగుడు గుళ్ళో అందరి ముందూ పెళ్ళాం మెడలో మళ్ళీ తాళి కడతాడు. తమిళుల మాసి నెలలో చెంబగవల్లి అమ్మవారి గుడిలో జరిపించాలని అక్కడి పూజారి గురుక్కల్‌తో మాట్లాడి, మంచిరోజు కూడా చూసుకున్నారు. ఆ రోజు బొమ్మక్క కట్టుకోబోయే చీర తానే నేస్తానని అళగర్‌సామి పట్టుబట్టాడు. వీధిలో చాలా ఇళ్ళలోకి పవర్‌లూములు వచ్చేసినా ఆయనది ఇంకా గుంట మగ్గమే. బుటాలు కూడా ఒక్కొక్క పోగూ చేత్తో అందిస్తూ నేస్తాడు. నూలు కండెలు చుట్టిచ్చేది బొమ్మక్కే కాబట్టి, చీర లక్క ఎరుపనీ అంచు ఆకుపచ్చనీ ఆమెకి తెలుసు. బుటా ఏమిటో మాత్రం తెలియదు. నేసినంత మేరా తువ్వాలు కప్పేసి, ఆమె అటు వస్తుంటే దగ్గేవాడు. ఈ వయసులో కొత్త పెళ్ళికొడుకు వేషాలేమిటని బొమ్మక్క విసుక్కునేది గానీ, లోపల ఎంత మురిసిపోతోందో ఆమె మొహం చూసిన ఎవరికైనా తెలిసిపోయేది.

ఇలా ఉండగా ఒక ఆదివారం విరుదునగర్ నుంచి కార్తిక వచ్చింది. బొమ్మక్క తమ్ముడి కూతురు. అక్కడి కాలేజీలో సైకాలజీ చదివి, ఇప్పుడు ఆడ మగ మెదళ్ళ తేడాల మీద పరిశోధన చేస్తోంది. ఆ సంగతి చెప్పగానే అత్తా మామా ఇద్దరూ పని వదిలేసి ఆమెకి చెరో పక్కా కూర్చున్నారు. తమ ఇంటి తగువు కాలేజీ దాకా ఎక్కిందంటే ఎవరికి మాత్రం గర్వంగా ఉండదు?

"ఎవురిది గొప్పని తేలింది పాపా?" అన్నాడు అళగర్‌సామి.

"తేలిపోతే నాకింక పనేముండాది మామా?" అని నవ్వింది కార్తిక. "మొగోళ్ళ మూళై సైజులో కొంచెం పెద్దది. అది నిజమే."

"చూసినావా!" అని అళగర్‌సామి మీసం దువ్వాడు.

"ఒళ్ళు పెద్దది కాబట్టి మూళై పెద్దది మామా. ఏనుగుది ఇంకా పెద్దది."

"చూసినావా!" అంది బొమ్మక్క.

కార్తిక ఓపిగ్గా విడమరిచి చెప్పింది. శాస్త్రం చదివినవాళ్ళలో కూడా రెండు పక్షాలున్నాయి. తేడాలు పుట్టుకతోనే వస్తాయనీ, ఒక బొమ్మని మనసులోనే అటూ ఇటూ తిప్పి చూడటం లాంటివి మగవాళ్ళకి సులువనీ ఒక పక్షం. సగటు తీస్తే తేడా కనబడుతుంది సరే, ఇద్దరు మగవాళ్ళ మధ్య ఉండే తేడా అంతకంటే ఎక్కువ కదా అని రెండో పక్షం. చిన్నప్పటి నుంచీ చేతికి ఏ పని అప్పజెబితే మెదడు ఆ పనికి తగ్గట్టు తయారవుతుందని కూడా వాళ్ళే అంటారు. కార్తికకి దారి చూపే సారు మొదటి పక్షం. ఎదురు గదిలో మేడమ్ రెండో పక్షం. ఇద్దరూ ఒకే ఫ్లాస్కులోని టీ తాగరు. ఇప్పటిదాకా ఈ పరీక్షలు ఎక్కువగా కాలేజీ పిల్లల మీదే చేశారనీ, చేతిపని చేసుకునేవాళ్ళ మీద కూడా చేసి చూద్దామనీ కార్తిక అంటే మాత్రం ఇద్దరూ వెంటనే ఒప్పుకున్నారు. ఎవరి గెలుపు మీద వారికి అంత నమ్మకం.

పరీక్ష ఆ ఇంటి అరుగు మీదే జరిగింది. పలకంత కంప్యూటర్ ఒకటి తెచ్చింది కార్తిక. దానిలో పైన ఒక వంకర టింకర బొమ్మ వస్తుంది. దాని కింద రెండు బొమ్మలు, రెండూ పక్కకి వాలి ఉంటాయి. ఒకటి అచ్చం పై బొమ్మే. రెండోది అద్దంలో చూసినట్టు కుడి ఎడమ తారుమారైన బొమ్మ. "పైన ఉండే బొమ్మే కింద ఒగటి ఉంటాది, దాన్ని తాకండి" అని మాత్రమే కార్తిక చెప్పింది. అలా పదుల కొద్దీ బొమ్మలు వస్తాయి, అన్నీ అయ్యాక మార్కులు తెర మీద పడతాయి. వీధంతా తిరునాళ్ళకి వచ్చినట్టు వచ్చింది.

ఆడవాళ్ళు నవ్వుకుంటూ కూర్చుని, మార్కులు చూసుకుని కేకలు పెట్టారు. ఆటో నడిపే కుమారవేల్ కూడా బాగానే చేశాడు. మగ్గం నేసేవాళ్ళు మాత్రం గొంతు సవరించుకుని కూర్చుని, చివరికి తెరకి అరచెయ్యి అడ్డం పెట్టి లేచారు. రంగరాజన్ అయితే ఆ పలక చెడిపోయిందని తేల్చేసి, చెప్పులు కూడా మరిచిపోయి ఇంటికి చక్కా పోయాడు. బొమ్మక్కకి దాదాపు అన్నీ సరిపోయాయి. ఆఖరున అళగర్‌సామి కూర్చున్నాడు. ఒక్కొక్క బొమ్మనీ కళ్ళు చికిలించి చూసి, తొందర లేకుండా, తడబడకుండా తాకాడు. తెర మీద సున్నా పడింది.

"సున్నా! మా ఇంటాయనకి సున్నా!" అని బొమ్మక్క అరుగు మీద నుంచి వీధి వీధంతా వినబడేలా చాటింది. ఇన్నేళ్ళ సాత్తూరు కసి ఆ ఒక్క కేకలో తీరిపోయింది.

ఆ వారమంతా ఆమె కాలు నేల మీద నిలవలేదు. పూలమ్మికి చెప్పింది, రేషన్ కొట్టు వరసలో చెప్పింది, అమ్మవారికి కూడా చెప్పే ఉంటుంది. అన్నం వడ్డిస్తూ "సున్నాకి ఇంకొంచెం పులుసు పొయ్యాల్నా?" అని అడిగేది. మొదట్లో అళగర్‌సామి నవ్వాడు. తరవాత నవ్వినట్టు చేశాడు. ఆ తరవాత అదీ లేదు. బొమ్మక్క మంచి మనిషే, మొగుడి తుమ్ములో తేడా కూడా పట్టగలదు, కానీ గెలిచిన సంబరంలో ఎదుటి మొహం చూడటం మానేసింది.

చివరికి ఆమెకి తెలిసింది చెవుల ద్వారా. ఒక పొద్దున దోసెలపిండి రుబ్బుతూ, ఇంట్లో ఏదో తక్కువైనట్టుందే అనుకుంది. మగ్గం చప్పుడు లేదు. చేతులు కడుక్కుని వెళ్ళి చూస్తే, తను చుట్టిపెట్టిన కండెలు బుట్టలో పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. మగ్గం మీద సగం నేసిన చీర, దాని మీద తువ్వాలు. అళగర్‌సామి అరుగు మీద కూర్చుని వీధిలోకి చూస్తున్నాడు.

"ఏంది బావా, ఇట్ల కూచోనుండావు? ఒంట్లో బాగలేదా?"

"బాగానే ఉండాను. నడుం నొప్పి, అంతే."

నూనె రాస్తానంటే వద్దన్నాడు. వేడినీళ్ళ కాపడం పెడతానంటే వద్దన్నాడు. నడుం నొప్పి ఉన్నవాడు టీ కొట్టు దాకా బాగానే నడిచి వెళ్ళి వస్తున్నాడే అని బొమ్మక్కకి అనుమానం వచ్చింది గానీ, అలిగాడేమో, రెండు రోజులు పోతే తనే దారికి వస్తాడని సరిపెట్టుకుంది. శుక్రవారం గుడికి వెళితే గురుక్కల్ ఆమెని పక్కకి పిలిచాడు. అరవయ్యో పెండ్లి వద్దని మీ ఆయన వచ్చి చెప్పి వెళ్ళాడే, ఇంట్లో ఏదైనా కీడు జరిగిందా అని అడిగాడు.

అక్కడి నుంచి ఇంటికి ఎలా నడిచి వచ్చిందో బొమ్మక్కకే తెలియదు. పూజబుట్ట అరుగు మీద దబ్బున పెట్టి మొగుడి ముందు నిలబడింది.

"నాకు తాళి కట్టేదానికి ఇష్టం లేకపోతే నాతో చెప్పాల. గురుక్కల్‌తో చెప్పేదేంది? సున్నా అన్నానని కోవమా? ఇంగ అననులే. ఆ యమ్మ మీద ఒట్టు."

"కోవం కాదు బొమ్మా."

"మరేంది?"

అళగర్‌సామి తన చేతులకేసి చూసుకుంటూ, "మా నాయన ఎట్ల పొయినాడో నువ్వు చూసినావు కదా" అన్నాడు.

ఆమె చూసింది. మామగారు నారాయణన్ చివరి రోజుల్లో కోడలిని పట్టుకుని "ఎవురమ్మా నువ్వు?" అని అడిగేవాడు. కన్నకొడుకు పక్కన కూర్చుని అన్నం తినిపిస్తే, "శానా మంచోడివి నాయనా, మీదే ఊరు?" అని మర్యాదగా అడిగేవాడు. అళగర్‌సామి ప్రతిసారీ ఓపిగ్గా ఊరి పేరు చెప్పి, పెరట్లోకి వెళ్ళి ఏడ్చేవాడు.

"ఆయనకీ మొదట ఇట్లనే. చేసే పని సరింగానే చేస్తా ఉండానని అనుకునేవాడు, చూస్తే అంతా తప్పుగా ఉండేది. నేను ఆ బొమ్మల్ని నా మూళై అంతా పెట్టి చూసినాను బొమ్మా. సుమ్మా ఏదో ఒగటని తాకలేదు. ఇదే అని బాగా తెలిసే తాకినాను. అయినా ఒగటి కూడా సరి కాలేదు. మొన్న టీ కొట్లో గొడుగు కూడా మరిచి వచ్చినాను. ఇంగ కొన్నేండ్లకి నిన్నే పట్టుకుని ఎవురమ్మా నువ్వని అడగతాను. రేపు నీ మొకం మరిచిపొయ్యేవాడు ఈ పొద్దు మళ్ళీ తాళి కట్టి ఏం చేసేది? నిన్ను మోసం చేసినట్టు కాదా?"

"డాక్టరు దగ్గరికి పోదాం బావా."

"డాక్టరు మాత్రం ఏం చెప్తాడు? కంప్యూటరే చెప్పేసింది కదా."

వారం పాటు తను వీధి వీధీ తిరిగి పంచిపెట్టిన గెలుపు ఇదా! మొగుడంటే ఆమెకి ప్రాణం. ఆ ప్రాణం తన పక్కనే కూర్చుని లోలోపల నలిగిపోతుంటే, తను పులుసు పొయ్యమంటావా అని వెక్కిరించింది. కొంగు నోట్లో కుక్కుకుని వీధి కొళాయి దగ్గరికి పోయి, అక్కడే కూర్చుని భోరుమంది.

కొళాయి దగ్గర పేచ్చియమ్మాళ్ నీళ్ళు పట్టుకుంటోంది. మొగుడు పోయాక ఆయన మగ్గం మూలన పడెయ్యకుండా తానే గుంటలో దిగి నేస్తున్న మనిషి. ఆ వీధిలో మగ్గం మీద కూర్చునే ఆడది ఆమె ఒక్కతే. సంగతంతా విని బిందె కింద పెట్టింది.

"ఇందుకా ఏడస్తా ఉండావు? నాకి కూడా సున్నానే."

బొమ్మక్క ఏడుపు ఆపి చూసింది. "నీకా? నువ్వు ఆడదానివి కదా!"

"ఆడోళ్ళంతా గెలిచి గంతులేస్తా ఉంటే నేనొగదాన్నే ఓడిపొయినానని ఎట్ల చెప్పేది అక్కా? సిగ్గయింది. చెయ్యి అడ్డం పెట్టి లేచి వచ్చేసినాను. రంగరాజన్ అన్నకి కూడా అంతే అంట. ఆయన పెండ్లామే చెప్పింది."

బొమ్మక్క ఇంటికి కూడా పోలేదు. ఆ తడి కొంగుతోనే విరుదునగర్ బస్సెక్కింది. దారిలో సాత్తూరు వచ్చినా తల ఎత్తి చూడలేదు.

కాలేజీలో మేనత్తని చూసి కార్తిక కంగారుపడి, చెయ్యి పట్టుకుని ఒక బెంచీ మీద కూర్చోబెట్టింది. బొమ్మక్క ఏదో అడగబోయేలోపే కార్తిక తన గోడు వెళ్ళబోసుకుంది. వీధి లెక్కలు చూసి సారు మండిపడ్డాడట, ఆడ మార్కులు మగవాళ్ళకీ మగ మార్కులు ఆడవాళ్ళకీ వేశావా అని. మేడమ్ మాత్రం పట్టరాని సంతోషంతో, ఇది వెంటనే పత్రికకి పంపాలంటోందట.

"మీ సారూ మేడమూ ఏమన్నా చేసుకోనీ పాపా. నాకి ఒగటే తెలియాల. మీ మామ మూళై పోతా ఉండాదా, లేదా?" అని బొమ్మక్క జరిగిందంతా చెప్పింది. గురుక్కల్ మాట చెప్పేటప్పుడు మళ్ళీ ఏడ్చింది. పేచ్చియమ్మాళ్ సంగతి దగ్గరికి వచ్చేసరికి కార్తిక చటుక్కున ఆపింది.

"ఉండత్తా. పేచ్చియమ్మాళ్ పిన్నికి కూడా సున్నానా? రంగరాజన్ పెద్దాయనకీనా?" సగటులు కట్టడంలో పడిపోయి, ఎవరికి ఎన్ని వచ్చాయో విడివిడిగా ఆమె ఇంకా చూడనేలేదు. "సున్నా రాకూడదే!"

"ఏల రాకూడదు?"

"కింద ఉండేది రెండే బొమ్మలు కదత్తా. కండ్లకి గుడ్డ కట్టుకుని తాకినా దగ్గిర దగ్గిర సగం సరి అవతాయి. మూళై పొయినోళ్ళకి కూడా సగం వస్తాయి. ఒగటంటే ఒగటి కూడా తగలకుండా తప్పించుకోవాలంటే, ఏది ఏదో ప్రతిసారీ బాగా తెలిసుండాల." కార్తిక లేచి నిలబడింది. "మామకి తెలుసు. తెలిసే రెండోదాన్ని తాకినారు. ఎందుకని నేను అడగనే లేదు. అయ్యో, అడగాల కదా నేను!"

మాటలు చెబితే నమ్మే మనిషి కాడని, తనని ఓదార్చడానికే చెబుతున్నారని అంటాడని బొమ్మక్క అంది. అందుకని ఇద్దరూ కలిసి తరవాతి బస్సుకే కోవిల్‌పట్టి వచ్చారు.

అరుగు మీద అళగర్‌సామి అలాగే కూర్చుని ఉన్నాడు. కార్తిక సంచీలోంచి పలక తీస్తుంటే ఆయన మొహం తిప్పుకున్నాడు.

"మళ్ళీ ఏల పాపా? ఒగసారి చాలు."

"మార్కులు వెయ్యను మామా. ఏది తాకతారో, ఏల తాకతారో చెప్పండి, అంతే."

పిల్ల మాట కాదనలేక వేలు చాపాడు. మళ్ళీ ఆ తారుమారు బొమ్మనే తాకాడు.

"ఏల మామా?"

"ఏల ఏంది? పైన ఉండేది ఇదే కదా."

"పైన దానికి పొడుచుకొచ్చిన ఈ కొమ్ము కుడి పక్క ఉండాది. దీన్ని నిలబెడితే ఎడమ పక్క వస్తాది కదా?"

అళగర్‌సామి ఆమెకేసి వింతగా చూశాడు. ఈ మాత్రం కూడా తెలియని పిల్లకి కాలేజీలో ఏం నేర్పుతున్నారని ఆయన అనుమానం. లేచి లోపలికి నడిచాడు. కార్తికా బొమ్మక్కా వెనకే వెళ్ళారు. ఆయన మగ్గం మీది తువ్వాలుకి చెయ్యి వెయ్యగానే బొమ్మక్క గిరుక్కున గోడ వైపు తిరిగిపోయింది.

"చూడు పాపా. మగ్గం మీద చీర బోర్లా ఉంటాది. మంచి మొకం కిందికి. నేసేవాడి కంటికి ఎప్పుడూ దాని వీపే. కాయితం మీద కొమ్ము కుడి పక్క ఉంటే మగ్గం మీద ఎడమకి రావాల. అట్ల నేస్తేనే, విప్పి తిప్పినప్పుడు కాయితంలో ఉండేటట్టు కనపడతాది. నువ్వు పైన చూపించింది కాయితం. నేను తాకింది దాని నేత. ఇంగోటి ఉండాదే, అది నేస్తే చీర పాడు." ఆయనకి విసుగూ వచ్చింది, ఉత్సాహమూ వచ్చింది. "పన్నెండేండ్లప్పుడు మా నాయన గుంటలో కూచోబెట్టినాడు. అప్పటి నుంచి ఏ బొమ్మ చూసినా లోపల తిరగబడే కనపడతాది నాకి. గోడ మీద పోస్టరు చూసినా అంతే. అదీ ఇదీ ఒగటే కదా పాపా. చీరకి రెండు మొకాలుండాయని రెండు చీరలంటామా?"

కార్తిక ఇంకో బొమ్మ చూపించింది. ఆయన తాకి, ఏ పోగు ఎక్కడ మొదలై ఎక్కడ తిరుగుతుందో చెప్పాడు. ఇంకోటి చూపించింది. అదీ చెప్పాడు. గోడ వైపు తిరిగి వింటున్న బొమ్మక్క తన నెత్తి మీద తనే మొట్టుకుంది. ఆయన నేసిన ప్రతి చీరనీ మగ్గం దించాక తిప్పి, మంచి మొహం పైకి పెట్టి మడత పెట్టేది తనే. ఆ ఇంట్లో ఆయన చూసేది వీపు, తను చూసేది మొహం. ఇన్నేళ్ళు కలిసి బతికినా ఆ తేడా ఇలా బుర్రలో కూర్చుంటుందని తనకి మాత్రం తట్టిందా?

కార్తిక నవ్వుతోంది, కళ్ళ నిండా నీళ్ళు. "మామా, అన్నీ సరి చెయ్యాలంటే ఎంత మూళై కావాల్నో, అన్నీ తప్పు చెయ్యాలన్నా అంతే కావాల. మీకి ఒగటి కూడా జారిపోలేదు. ఆ పొద్దు నేను పెట్టిన పరీక్షలో మీకంటే గట్టిగా చేసినవాళ్ళు లేరు."

"అంటే మగ మూళై..."

"మగా లేదు, ఆడా లేదు మామా. పేచ్చియమ్మాళ్ పిన్నిది కూడా ఇదే మూళై. ఇది నేత మూళై. సారుకి ఇది చెప్తే తల పట్టుకుంటారు. పత్రికకి పంపాలంటా ఉండే మేడమ్‌కి కూడా ఆగమని చెప్పాల. మొదటి నుంచి మళ్ళీ రాయాల నేను."

అళగర్‌సామి గుంట అంచు మీద కూలబడ్డాడు. మొహం కొంచెం తేటపడింది. కానీ ఆయన నేతగాడు, పోగు తెగితే చివరి దాకా వెతికే రకం.

"అయితే పాపా, మా నాయనకి వచ్చింది నాకి రానే రాదని చెప్పగలవా?"

కార్తిక అబద్ధం చెప్పలేదు. "చెప్పలేను మామా. ఎవురూ చెప్పలేరు. డాక్టరు దగ్గరికి పోదాం, నేను కూడా వస్తాను. కానీ నా సున్నా ఆ మాట చెప్పలేదు. అది మాత్రం నిజం."

అళగర్‌సామి పెళ్ళాం కేసి చూశాడు.

"నువ్వేంది గోడని చూస్తా నిలబడినావు?"

"పెండ్లికి ముందే చీర చూసేస్తే బాగుంటాదా?" అంది బొమ్మక్క, తిరగకుండానే.

ఆయన చేతిలోని తువ్వాలు రెండు చేతులా పట్టుకున్నాడు. "బొమ్మా, ఒగవేళ నేను నిన్ను మరిచిపోతే?"

బొమ్మక్క వీపు ఒక్కసారి కదిలింది. ఏడుస్తోందో, ఊపిరి పీల్చుకుంటోందో కార్తికకి అర్థం కాలేదు. మాట మాత్రం ఎప్పటి మాటే, దబాయింపు మాటే వచ్చింది.

"మరిచిపోతే ఏమి? మూడోసారి కట్టు."

అళగర్‌సామి కళ్ళ నీళ్ళు తువ్వాలుతో తుడుచుకుని, ఆ తువ్వాలు భుజాన వేసుకుని, మెల్లిగా గుంటలోకి కాళ్ళు దించాడు. తెగిన పోగేదో ముడి వేస్తున్న చప్పుడు కూడా బొమ్మక్కకి వినబడింది. తరవాత మగ్గం ఒకసారి మోగింది. ఇంకోసారి మోగి ఆగింది.

"మూడుసార్లూ నీకేనా?" అన్నాడు గుంటలోంచి.

బొమ్మక్క గోడ వైపు తిరిగే, బుట్టలోంచి చేతికందిన కండె తీసి వెనక్కి విసిరింది. అది సరిగ్గా వెళ్ళి ఆయన భుజానికి తగిలింది.